శిఖరానికి కాస్త కింద

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. కొండ కొస కాని చోట నిలబడి, ఇదే కొస అని చెప్పాను. చెప్పింది దారిన పోయేవాళ్లకి కాదు. కొస దాకా ఎక్కుతానని మరియమ్మ తల్లికి మొక్కుకుని, ఆ మొక్కు తీరేదాకా కాఫీ మానేసి, గడ్డకట్టే చలిలో నా వెంట నడిచి వచ్చిన ఫిలోమినమ్మగారికి. ఆవిడ నా మాట నమ్మింది. నమ్మి, అక్కడే మంచులో బూట్లు విప్పింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇన్నాళ్లకి ఇది రాయడానికి కారణం ఆవిడ మనవరాలు లియా. పోయిన వారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్లింటికి భోజనానికి వెళితే, ఆ పిల్ల బురద బూట్లతో లోపలికొచ్చింది. స్కూలువాళ్లు వాండర్‌టాగ్ అని, అంటే నడక రోజని, పిల్లలందర్నీ ఆల్ట్‌క్యోనిగ్ కొండకి తీసుకెళ్లారట. ‘పైదాకా ఎక్కారా అమ్మా?’ అని తెలుగులో అడిగాను. ‘నట్యూర్లిష్!’ అంది జర్మన్‌లో. ఎక్కకుండా ఎలా ఉంటామన్నట్టు నన్ను ఎగాదిగా చూసింది. వంటగదిలోంచి వాళ్లమ్మ వినయ నవ్వు వినిపించింది. ‘అంకుల్‌ని అడక్కే, పైన అంటే ఎక్కడో ఆయనకి సరిగ్గా తెలీదు’ అంది. నవ్వాను గానీ, ఇంటికొచ్చాక చాలాసేపు ఆ కొండే కళ్లముందు కదిలింది.

జర్మనీలో నా మొదటి ఏళ్లు కరోనా ఏళ్లు. అప్పటికే ముప్పై దాటినవాణ్ణి, పెళ్లి కానివాణ్ణి, ఒక ఐటీ ఉద్యోగం, ఒక గది. ఆఫీసు కూడా ఆ గదిలోనే, మంచానికీ కిటికీకీ మధ్య. మనుషులనేవాళ్లు నాకు ఒక్క ఇంట్లోనే ఉండేవాళ్లు. సుధీర్ విజయవాడలో నా క్లాస్‌మేటు, ఎయిర్‌పోర్టు కార్గోలో పని. అతని భార్య వినయ. కాన్పు కోసం ఊరినుంచి వచ్చి, విమానాలు ఆగిపోయి, వీసా గడువు మీద గడువు పెంచుకుంటూ ఉండిపోయిన వినయ వాళ్లమ్మ ఫిలోమినమ్మగారు. వాళ్లు ఒక కుటుంబం. బయటినుంచి ఒక్క మనిషి వాళ్లని కలవచ్చని ఆ శీతాకాలంలో రూలు. ఆ ఒక్క మనిషిని నేను. ప్రభుత్వమే నాకు ఆ ఇంట్లో కంచం వేయించినట్టయింది.

ఆ ఇంటి తలుపు తీయగానే మూడు వాసనలు వచ్చేవి: పాపకి రాసిన కొబ్బరినూనె, వెల్లుల్లి కారప్పొడి, సాంబ్రాణి. ఈ మూడోదానితో పేచీ. పాపకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసిన మొదటిరోజే పైకప్పుకి ఉన్న పొగ అలారం కూసి, పై అంతస్తువాళ్లంతా మాస్కులతో మెట్లమీదికి వచ్చారట. ఆ తర్వాత సుధీర్ రోజూ స్నానం వేళకి ఆ అలారానికి ప్లాస్టిక్ షవర్ టోపీ తొడిగేవాడు. ఫిలోమినమ్మగారు మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరయినావిడ. ఎవరినైనా రెండో తరగతి పిల్లల్ని చూసినట్టే చూసేది. పొద్దున్నే లేచి స్టీలు ఫిల్టర్లో డికాషన్ దించి, పాలు పొంగించి, అందరికీ కాఫీ కలిపిచ్చి, తను మాత్రం తాగేది కాదు. ఖాళీ అయిన ఫిల్టరు మూత తీసి ఒకసారి గట్టిగా వాసన చూసి కడగడానికి వేసేది.

‘వాసన చూస్తే మొక్కు పోదా ఆంటీ?’ అని ఒకసారి ఆటపట్టించాను.

‘తాగనని మొక్కుకున్నాను గానీ, ముక్కు మూసుకుంటానని మొక్కుకోలేదురా జోజీ’ అంది.

ఆ మొక్కు సంగతి ఇది. వినయ కాన్పు కష్టమైంది. ఆస్పత్రిలోకి భర్తని తప్ప ఎవర్నీ రానివ్వలేదు. ఈవిడ ఆస్పత్రి గేటు బయట, రోడ్డు పక్కన జపమాల పట్టుకుని నిలబడింది. తల్లీబిడ్డా క్షేమంగా బయటికొస్తే, విజయవాడలో మరియమ్మ గుడి ఉన్న గుణదల కొండ చెప్పుల్లేకుండా ఎక్కుతానని, ఎక్కేదాకా కాఫీ ముట్టనని మొక్కుకుంది. బిడ్డ పుట్టింది, బోర్లా పడింది, పాకింది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లు వచ్చేశాయి, ఆవిడ ఇంకా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉంది. కాఫీ లేని తలనొప్పితో ఆవిడ, ఆవిడ తలనొప్పితో ఇల్లంతా. చివరికి వాళ్ల ఊరి ఫాదర్‌గారికి ఫోన్ చేస్తే ఆయన దారి చూపించాడు. ‘అమ్మా, ఆ తల్లికి అన్ని కొండలూ కనిపిస్తాయి. అక్కడే ఏదో కొండ ఎక్కు. మంచుంటే బూట్లు వేసుకునే ఎక్కు, పైన ఒక్క క్షణం విప్పు చాలు. కాకపోతే ఎక్కేది మాత్రం కొస దాకా ఎక్కాలి.’

సుధీర్‌కి కార్గోలో ఊపిరాడని పని. వినయకి పాప. ‘మరి ఎవరు తీసుకెళ్తారు?’ అంటే, ఆవిడ వేలు నా వైపు తిరిగింది. ‘జోజి ఉన్నాడుగా. ఇంగ్లండు కొండలెక్కినవాడు.’

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. నిజానికి ఇదే మొదటిది. నేను జర్మనీ రాకముందు ఒక ఏడాది ఇంగ్లండు ఉత్తరాన, లాంకషైర్‌లో చదువుకున్నాను. అక్కడ పెండిల్ అని ఒక కొండ ఉంది. చెట్టన్నది లేదు. పెద్ద దున్నపోతు కాళ్లు ముడుచుకుని పడుకున్నట్టు పొడుగాటి వీపు, దాని నిండా గాలికి ఒకే వైపు వాలిన గోధుమరంగు గడ్డి. కింద పొలాల మధ్య సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు. గొర్రెలు మనకేసి, ఈ వానలో నీకేం పనన్నట్టు చూస్తాయి. దారి రాళ్లు పరిచి ఉంటుంది గానీ పక్కన కాలేస్తే నల్లటి నేల స్పాంజిలా మడమ దాకా మింగుతుంది. ఆ కొండకో గుణం ఉంది: పైకి చూస్తే ఆకాశానికి గీత గీసినట్టు అంచు కనిపిస్తుంది, అక్కడికి చేరితే చాలనిపిస్తుంది, చేరాక దాని వెనక ఇంకో అంచు. మనిషిని అలా కొసరు పెట్టి పెట్టి పైకి లాక్కుపోతుంది. అక్కడి జనం ప్రతి ఆదివారం పని లేనట్టు దాన్ని ఎందుకు ఎక్కుతారో నాకు సగం దారిలో అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకునే ఓపిక లేకపోయింది. స్నేహితుల్ని వెళ్లమని, ఒక రాతి గోడ చాటున కూర్చుని సాండ్‌విచ్ తిన్నాను. వాళ్లు దిగొచ్చి పైన ఏం చూశారో చెప్పారు: గాలికి మాట వినపడకపోవడం, ఒక పక్క కొండల వరస, ఇంకో పక్క ఎండలో మెరిసే సముద్రపు చార. ఆ సముద్రపు చారని నేను ఏళ్ల తరబడి నా కళ్లతో చూసినట్టు చెబుతూ వచ్చాను. ఎంత బాగా చెప్పేవాణ్ణంటే, నిజంగా ఎక్కిన స్నేహితుడొకడు నా నోట విని ‘అవున్రా, ఇది నేను గమనించనే లేదు’ అన్నాడు. ఫిలోమినమ్మగారు ఆ వర్ణన విన్నది కనకే నన్ను ఎంచుకుంది.

అలా ఒక ఫిబ్రవరి పొద్దున మేమిద్దరం మాస్కులు పెట్టుకుని మెట్రోలో చివరి స్టేషన్ దాకా వెళ్లి దిగాం. ఆవిడ వేషం చెప్పి తీరాలి. నేత చీర, దాని కింద అల్లుడి పైజమా, పైన అల్లుడి జాకెట్, తలకి మంకీ క్యాప్, కాళ్లకి కూతురి బూట్లు, చేతిలో జపమాల. నా భుజాన పులిహోర డబ్బా, కొబ్బరికాయ, ఫ్లాస్కులో కాఫీ. మొక్కు తీరిన మరుక్షణం తాగాలని ఆవిడే కలిపి పోసింది.

మేం ఎక్కబోయే ఆల్ట్‌క్యోనిగ్ ఉన్న టౌనస్ కొండలు పెండిల్‌లా బోడివి కావు. అడవి లోపలికి వెళితే కొండ ఎక్కుతున్నామో లేదో కంటికి తెలియదు, ఒంటికే తెలుస్తుంది. ముందు నున్నటి బూడిదరంగు మానులతో బీచ్ చెట్లు. ఇంకా పైన, వరస కరువులకి నిలువునా ఎండిపోయిన స్ప్రూస్ చెట్లు. మంచు మీద మా అడుగుల చప్పుడు అప్పడాలు విరిచినట్టుండేది. మామూలు రోజుల్లో ఆ అడవిమీంచి విమానాలు దిగుతూనే ఉంటాయి. ఆ ఏడాది ఆకాశం బోసిపోయింది. ఆవిడ మధ్యమధ్య ఆగి పైకి చూసేది.

‘ఒక్కటీ పోవట్లేదేంట్రా ఇండియాకి?’

‘పోతాయాంటీ, త్వరలో.’

‘ఈ దేశంలో కొండకి మెట్లుండవా?’

‘ఉండవు.’

‘మరి ముసలాళ్లు?’

అప్పుడే చేతికో కర్ర పట్టుకున్న ముసలి జంట ఒకటి దూరం పాటిస్తూ పక్కకి జరిగి, మాకు హలో చెప్పి, దాటి వెళ్లిపోయింది. ఆవిడ వాళ్లనే చూస్తూ ‘వాళ్లకి మనిషికి నాలుగు కాళ్లు’ అంది.

నేను దారి తప్పాను. పెద్ద కొండలెక్కినవాణ్ణి గదా, ఆవిడ ముందు ఫోన్ తీసి మ్యాప్ చూడటానికి నామోషీ. ఒక చీలిక దగ్గర ఎడమకి బదులు కుడికి తిప్పి, కొండ చుట్టూ పెద్ద ప్రదక్షిణ చేయించాను. ఆవిడ, గుణదలలో కూడా తిరునాళ్లప్పుడు చుట్టూ తిప్పి పంపిస్తారని సరిపెట్టుకుంది. ఎక్కుడు నిటారుగా మారేసరికి నా చవక బూట్లలోకి నీళ్లు దిగాయి. ఒకచోట జారి మోకాలు కొట్టుకుంది. ఆవిడ నా కన్నా ఎంతో పెద్దది, నెమ్మదిగానే నడిచేది, కానీ ఆగేది కాదు. ఆగింది నేనే, ప్రతిసారీ ఏదో చెట్టు చూపించే నెపంతో.

చివరికి రాళ్ల దగ్గరికి వచ్చాం. రోమన్లు రాకముందు ఈ ప్రాంతంలో ఉన్న జనం కట్టిన కోట గోడలవి. కూలి, లారీల కొద్దీ కంకర దింపినట్టు గుట్టలుగా కొండ నెత్తిని చుట్టుకుని ఉంటాయి, బయట ఒక చుట్టు, లోపల ఒక చుట్టు. బయటి చుట్టు ఎక్కగానే నేల చదునుగా అనిపిస్తుంది. ఆవిడ రొప్పుతూ రాళ్లమీద నిలబడింది.

‘ఇదేనా కొస?’

నేను పైకి చూశాను. చెట్ల సందుల్లో నేల ఇంకా లేస్తూనే ఉంది. అక్కడినుంచి కుక్కతో ఒకతను దిగి వస్తున్నాడు. నా మోకాలు సలుపుతోంది. ఆవిడ ముఖంలో అలసట ఉంది, ఆశ అంతకన్నా ఎక్కువ ఉంది. ఆవిడ కోసమే అన్నానని ఆ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాను. కాదు. నా కాళ్ల కోసమే అన్నాను.

‘ఇదే ఆంటీ.’

ఆవిడ బూట్లు, మేజోళ్లు విప్పింది. ఆ చలిలో రెండు పాదాలూ మంచుమీద ఆనించి, కళ్లు మూసుకుని, కూతురి పేరు, మనవరాలి పేరు చెప్పుకుంది. కొబ్బరికాయ ఏ రాజు కట్టించాడో తెలియని గోడ రాయి మీద కొట్టింది. కుక్కవాడు దూరంగా ఆగి, టోపీ తీసి, పోయాడు. ఆ తర్వాత ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుని మొదటి గుక్క నోట్లో ఉంచుకుని చాలాసేపు మింగలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘నీ రుణం తీర్చుకోలేను నాయనా’ అంది. ఆ మాటతో నా పని అయిపోయింది.

తర్వాతి రోజులు నాకు నరకం, చుట్టూ అందరికీ పండగ. వినయ ఇంట్లో తలనొప్పులు పోయాయి. ఫిలోమినమ్మగారు చెల్లెళ్లకి, ఫాదర్‌గారికి, పాత స్టాఫ్ రూమ్ మొత్తానికి వీడియో కాల్స్ చేసి, జర్మనీలో శిఖరం ఎలా ఎక్కిందో చెప్పింది. ప్రతి కాల్‌లోనూ ‘ఈ బాబే’ అని ఫోన్ నా వైపు తిప్పేది. నేను నమస్కారం పెట్టేవాణ్ణి. గుణదల దగ్గరుండే ఆవిడ చెల్లెలు ఒకావిడ, మోకాళ్ల నొప్పులతో తనెప్పుడూ సగం మెట్ల దగ్గరే ఆగిపోతానని, అక్క మాత్రం పరాయి దేశంలో చివరిదాకా ఎక్కిందని ఏడ్చింది. సగంలో ఆగి, ఆగానని చెప్పుకునే మనిషి ఎదట నేను నమస్కారం పెడుతూ కూర్చున్నాను. ఇక తట్టుకోలేకపోయాను.

మర్నాడు వెళ్లేసరికి వాళ్లింట్లో సుధీర్‌కి జలుబు. టెస్టు ఫలితం వచ్చేదాకా ఎవరూ లోపలికి రాకూడదు. తిరిగి వెళితే ధైర్యం మళ్లీ రాదని తెలుసు. కాంపౌండులో, సైకిళ్ల పక్కన నిలబడి పైకి పిలిచాను. ఆవిడ కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చింది.

‘ఆంటీ, మనం ఎక్కింది కొస కాదు.’

‘ఏంటి? వినపడట్లా.’

‘కొస కాదాంటీ! ఇంకా పైన ఉంది. నాకు తెలిసే చెప్పాను!’

మా మతంలో పాపసంకీర్తనం గురువు చెవిలో గుసగుసగా చెప్పుకునేది. నాది అపార్ట్‌మెంటు మొత్తానికి వినిపించింది. కింది అంతస్తు కిటికీ తెరుచుకుని ఒక జర్మన్ పెద్దావిడ తల బయటపెట్టి ఏదో అడిగింది.

‘ఆవిడకేం కావాలట?’ అంది ఫిలోమినమ్మగారు పైనుంచి.

‘అంతా బాగానే ఉందా అంటోంది.’

‘లేదని చెప్పు.’

చెప్పాను. పెద్దావిడ కిటికీ వేసేసుకుంది. ఫిలోమినమ్మగారు చేతిలో గ్లాసుకేసి చూసింది. అందులో ఉన్నదంతా పక్కనున్న పూలకుండీలో పోసింది. ‘ఎంత దూరం ఉందింకా?’ అంది.

‘దగ్గరేనాంటీ. ఒక పాట పల్లవి పాడుకునేంత.’

‘అంత దగ్గరుండి కూడా ఎక్కించలేదురా నన్ను?’

అని లోపలికి వెళ్లిపోయింది. మైలు దూరమన్నా ఆవిడ అంత బాధపడేది కాదనుకుంటాను. వెనకాలే వినయ వచ్చి, ‘అన్నయ్యా, మళ్లీ మానేసింది కాఫీ. ఇప్పుడు అమ్మని నీ గదికి పంపిస్తా, నువ్వే పడు’ అని తలుపు వేసింది. ఆ రోజునుంచి డబ్బాలో భోజనం వచ్చేది గానీ, అందులో కారప్పొడి ఉండేది కాదు. శిక్షల్లో అదొకటి.

మంచు కరిగాక ఆవిడే ఫోన్ చేసింది. ‘రేపు పోదాం. మ్యాప్ తీసుకురా. నీ నోరు ఇంట్లో పెట్టి రా.’

ఈసారి ఆవిడ ముందు, నేను వెనక. అదే కొండ వేరే కొండలా ఉంది. కరిగిన నీళ్లు దారి పొడుగునా చిన్న కాలవల్లా జారుతున్నాయి, కుళ్లిన ఆకుల కింద నుంచి తడి మట్టి వాసన, ఎక్కడో వడ్రంగిపిట్ట మాను మీద దరువు. చీలికలో ఎడమకి తిరిగితే దారి ఇట్టే తెగింది. బయటి రాళ్ల చుట్టు దగ్గర ఆవిడ ఆగి, కొబ్బరి చిప్ప ముక్క ఒకటి ఇంకా అక్కడే పడుంటే బూటుతో పక్కకి నెట్టింది. ‘ఇదేగా నువ్వు నాకు అమ్మిన శిఖరం’ అని, దాటి, లోపలి చుట్టు కూడా దాటి, పైకి నడిచింది. చెట్లు పలచబడ్డాయి. పచ్చిక, గాలి, దూరంగా మైదానం నిండా పొగమంచు, అందులోంచి ఫ్రాంక్‌ఫర్ట్ మేడలు చీపురు పుల్లలు గుచ్చినట్టు. నేను ఏదో అనబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. అక్కడ బెంచీ మీద కూర్చున్న దంపతుల దగ్గరికి, పద్ధతిగా దూరం పాటించి వెళ్లి, వేలు నేలకేసి చూపించి, తనకొచ్చిన ఒకే ఒక్క జర్మన్ మాట అడిగింది.

‘గిప్‌ఫెల్?’

‘యా, యా, గిప్‌ఫెల్!’ అన్నారు వాళ్లు. శిఖరమే.

అది చాలలేదు. అటువైపు నుంచి వస్తున్న కుర్రాణ్ణి ఆపి మళ్లీ అడిగింది. ‘ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట స్థిరపడాలి మాట’ అని నాకు బైబిల్ వాక్యం వివరించి, అప్పుడు బూట్లు విప్పింది.

ఆవిడ మొక్కు ముగిశాక ఫోన్ ఇమ్మని అడిగాను. ఆ చెల్లెలికి, ఫాదర్‌గారికి ఒకేసారి వీడియో కలిపాను. పోయినసారి అక్క శిఖరం ఎక్కలేదని, తప్పు అక్కది కాదని, అబద్ధం చెప్పి ఆపింది నేనేనని, ఇప్పుడు నిలబడ్డ చోటు మాత్రం నిజమైన కొస అని, మొహం దాచుకోకుండా చెప్పాను. చెల్లెలు ‘నేను సగంలో ఆగితే తిట్టేదానివి గదే అక్కా’ అని పగలబడి నవ్వింది. ఫాదర్‌గారు నాకు ఏ ప్రాయశ్చిత్తం చెబుతారోనని చూస్తుంటే, ఆయన ‘నీ పక్కనే ఉంది గురువు, ఆవిణ్ణే అడుగు’ అని పెట్టేశాడు.

ఆవిడ ఒక రాయి చూసుకుని కూర్చుని జపమాల తీసింది. నాకేసి చూడకుండా అంది.

‘కిందికి పో.’

‘ఇంటికా ఆంటీ?’

‘ఆ రాళ్ల దాకా. అక్కణ్ణుంచి మళ్లీ ఎక్కి రా. ఇప్పుడు నువ్వెక్కింది నన్ను తీసుకురావడానికి. అది లెక్కలోకి రాదు.’

దిగాను. బయటి చుట్టు మీద, ఇదే అని చెప్పిన చోట కాసేపు నిలబడ్డాను. అక్కణ్ణుంచి కొస నిజంగానే కనిపించదు. వెలుతురు మాత్రం కనిపిస్తుంది, చెట్లు అయిపోయే చోట. ఎవరికీ దారి చూపించాల్సిన పని లేకుండా, ఎవరికీ తర్వాత వర్ణించి చెప్పాలన్న ఆలోచన లేకుండా ఒక కొండ ఎక్కడం నాకు అదే మొదటిసారి. ఊపిరి తెలిసింది. బూటు కింద రాయి కదలడం తెలిసింది. లోపలి చుట్టు దాటాక గాలి ముఖానికి తగలడం తెలిసింది. పల్లవి ఒక్కటే కాదు, చరణం కూడా పట్టేంత దూరమే. ఆ మాట కూడా ఆ రోజు తగ్గించే చెప్పానన్నమాట.

పైకి వచ్చేసరికి ఆవిడ జపం సగంలో ఉంది. ఒకరు సగం ప్రార్థన చెబితే పక్కవాళ్లు మిగతా సగం బదులు చెప్పాల్సిన జపం, తనొక్కతే రెండూ చెప్పుకుంటోంది. ఇంట్లోనూ అంతే చేసేదని అప్పుడు గుర్తొచ్చింది. కూతురికి తీరదు, అల్లుడికి డ్యూటీ, చర్చిలు మూత. నేను మా అమ్మ పక్కన మోకాళ్లూని బదులు చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది. రెండడుగుల దూరంలో తడి గడ్డి మీద కూర్చుని, మాస్కు సరిచేసుకుని, ఆవిడ ఆగిన చోట అందుకున్నాను. మొదట ఒకటి రెండు తడబడ్డాను. ఆవిడ సరిదిద్దకుండా ఆగి, నాకు మాట దొరికేదాకా చూసింది. చివరి పూస దాకా బదులు చెప్పాను.